పద్నాలుగు హైఫన్ల పేరు

యూనిక్స్ యంత్రాల తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో సిస్టమ్‌కు చాలాకాలం ఓ మంకుపట్టు ఉండేది. ‘ఫిక్స్‌డ్’ అనే ఫాంటు దొరక్కపోతే సర్వర్ అసలు లేచేదే కాదు. డిఫాల్ట్ ఫాంటు తెరవలేకపోయానని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయేది. తమాషా ఏమిటంటే, మామూలుగా ఆ పేరుతో డిస్కులో ఫైలే ఉండదు. అది వట్టి మారుపేరు. దాని అసలు పేరు ఫాంట్ల డైరెక్టరీలోని ‘ఫాంట్స్.అలియాస్’లో రాసి ఉంటుంది:

-మిస్క్-ఫిక్స్‌డ్-మీడియం-ఆర్-సెమీకండెన్స్‌డ్--13-120-75-75-సి-60-ఐఎస్ఓ8859-1

చూడగానే చిరాకేస్తుంది. నింపాదిగా చదివితే మాత్రం ముచ్చటేస్తుంది. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, అంటే ఫాంటు ఏ ఫౌండ్రీదో (ఏ తయారీదారుదో). ఆ తర్వాతే అసలు పేరు. ఎంత బొద్దు, నిటారా వాలుగానా, ఎంత వెడల్పు అన్నవి వరసగా వస్తాయి. జంట హైఫన్ల మధ్య ఏమీ లేదు: అదనపు శైలి లేదని చెప్పడానికి ఆ గడిని ఖాళీగా వదిలారు, ఎత్తెయ్యలేదు. ఎత్తేస్తే తర్వాతి గడులన్నీ ఒక అడుగు జరిగిపోతాయి. 13 పిక్సెళ్ల ఎత్తు. 120 అంటే పాయింటులో పదో వంతుల లెక్కన 12 పాయింట్లు. అంగుళానికి 75 చుక్కల తెర మీద 12 పాయింట్లు దాదాపు పన్నెండున్నర పిక్సెళ్లవుతాయి, 13కు దగ్గరే. పేరులోని అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయన్నమాట! ‘సి’ అంటే ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి. 60 అంటే సగటు వెడల్పు 6 పిక్సెళ్లు. చివరి రెండు గడులూ ఏ అక్షరాల పట్టికో చెబుతాయి.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన జిమ్ ఫ్లవర్స్ రాసిన ఈ పేర్ల పద్ధతిలో పనితనమంతా ఇక్కడే ఉంది. ఫాంటు ఫైలు తెరవకుండానే దాని గుణగణాలు తెలిసిపోతాయి. పట్టింపు లేని గడిలో నక్షత్రం గుర్తు పెట్టి అడిగితే చాలు, సరిపోయేది దొరుకుతుంది. అయితే ఆ నక్షత్రం హైఫన్లను కూడా మింగేస్తుంది, అప్పుడప్పుడు అడగనిదీ వచ్చి పడుతుంది.

పేరుకూ ఫైలుకూ ముడి వేసేది ‘ఫాంట్స్.డిర్’. మొదటి పంక్తిలో ఎన్ని పద్దులో లెక్క, కింద పంక్తికొకటి: ఫైలు పేరు, ఖాళీ, పొడవాటి పేరు. ‘ఎంకేఫాంట్‌డిర్’ అనే చిన్న ప్రోగ్రాం బిట్‌మ్యాప్ ఫైళ్ల కడుపులోంచి పేర్లు తీసి దీన్ని రాస్తుంది. కొత్త ఫైలు పడేసి ఆ ప్రోగ్రాం నడపడం మరిచిపోతే, డిస్కులో ఉన్న ఫాంటు సర్వర్‌కు లేనట్టే. మామూలు టెక్స్ట్ కాబట్టి ఏం జరిగిందో కంటితోనే చూసుకోవచ్చు. నాకు ఈ పారదర్శకతే అన్నిటికన్నా ఇష్టం.

తెలుగు దగ్గర మాత్రం ఈ ఏర్పాటు చతికిలబడుతుంది. ఒక సంకేతానికి ఒక బొమ్మ అన్న లెక్కతో గుణింతాలూ ఒత్తులూ కుదరవు. తర్వాత కీత్ ప్యాకార్డ్ మొదలుపెట్టిన ఫాంట్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీ గుణింతాల పని నెత్తిన వేసుకోలేదు, అది వేరే లైబ్రరీల బాధ్యత. కానీ ఫైళ్లను తానే చదివి, ఏ ఫాంటులో ఏ అక్షరాలున్నాయో సూచిక కట్టుకుంటుంది. దాని ‘ఎఫ్‌సీ-లిస్ట్’ ఆదేశానికి భాష ‘టీఈ’ (తెలుగు) అని చెబితే యంత్రంలో ఉన్న పోతన2000, లోహిత్ తెలుగు వంటివి వరసగా చూపిస్తుంది. ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ తీరు వేరు. సరైనది లేకపోయినా లేదనదు, దగ్గరిదేదో ఒకటి చేతిలో పెడుతుంది. అందులో తెలుగు లేకపోతే తెర మీద మిగిలేవి డబ్బాలే.