చలం 'మైదానం': రాజేశ్వరి పాత్ర ధిక్కారం, పాఠకుల ఆదరణ

కట్టుబాట్లను ధిక్కరించిన పాత్రలంటే తెలుగు పాఠకుడికి మక్కువ. నిత్యజీవితంలో ఇల్లు అద్దెకివ్వడానికి కూడా సందేహించే మనిషిని అతడు పుస్తకంలో ఆదరంగా చదువుతాడు. కల్పనలోని ధిక్కారం వల్ల చదివేవారికి నష్టం లేదు కనుకనే ఈ ఆదరణ అని సాధారణంగా వినిపించే సమాధానం. 'కన్యాశుల్కం'లోని గిరీశానికి ఈ సమాధానం చాలావరకు సరిపోతుంది. అతని ధిక్కారం మాటల్లోనే ఎక్కువ. సంస్కరణ అతనికి అవసరానికి వేసుకునే వేషం. 1927 నాటి 'మైదానం'లోని రాజేశ్వరికి మాత్రం ఇది సరిపోదు.

ప్లీడరు భార్య రాజేశ్వరి అమీరుతో ఇల్లు విడిచి వెళ్లడం కథకు ఆరంభం మాత్రమే. 'లేచిపోవడం' అన్న మాట తనకు అంటగట్టడంపై ఆమెకున్న బాధతోనే కథనం మొదలవుతుంది. తన చర్యకు లోకం పెట్టిన పేరును ఆమె అంగీకరించదు. అలాగని క్షమాపణా కోరదు. భర్తను క్రూరుడిగా చిత్రించి నాయికకు సానుభూతి సంపాదించే సులువైన మార్గాన్ని చలం తొక్కలేదు. కథంతా ఉత్తమపురుషలో సాగడం వల్ల ఆమెపై తీర్పు చెప్పే కథకుడు కూడా నవలలో లేడు. ఆ పని పూర్తిగా పాఠకుడి మీద పడుతుంది. తీర్పు చెప్పబోయిన ప్రతిసారీ ఆమె గొంతే అడ్డువస్తుంది.

ఈ నవలను స్వేచ్ఛాప్రకటనగా మెచ్చేవారూ, అనైతికమని నిందించేవారూ తరచు మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. మైదానంలోని జీవితం నిరంతరానందం కాదు. గర్భం వచ్చినప్పుడు అమీరు బిడ్డను కోరుకోడు. ఆమె అతని ఇష్టానికి లొంగుతుంది. అతడు మరొక స్త్రీపై మనసుపడితే ఆ కోరిక తీర్చే ప్రయత్నంలో తానూ పాలుపంచుకుంటుంది. భర్త ఇంటిని కాదన్న స్త్రీ ఇక్కడ మరో పురుషుని ఇచ్ఛకు తలవంచిందన్న స్త్రీవాద అభ్యంతరాన్ని తోసిపుచ్చడం కష్టం. చలం ఈ వైరుధ్యాన్ని దాచలేదు, ఆమె నోటనే చెప్పించాడు. అయితే వర్ణనలోని పారవశ్యం కొన్నిచోట్ల ఆ బాధను పలుచన చేస్తుంది. అది రచనలోని లోపమే. ఈ లోపంతో సహా రాజేశ్వరి ఆదర్శమూర్తి కాకుండా మనిషిగా మిగులుతుంది. ఆమెను అనుసరించాలనుకునే పాఠకులు అరుదు. ఆమె మాట వినకుండా పుస్తకం మూయగలిగేవారు అంతకన్నా అరుదు.

అమీరు మరణించాక, తాను చేయని హత్యను రాజేశ్వరి తనపై వేసుకుంటుంది. ఈ ముగింపును త్యాగంగా వ్యాఖ్యానించడం పరిపాటి. కానీ ఆరంభంతో కలిపి చదివితే దీనికి మరో అర్థం తోస్తుంది. లోకం అన్న 'లేచిపోయిన స్త్రీ' అనే పేరును పట్టుబట్టి తిరస్కరించిన ఆమె, హంతకురాలన్న అబద్ధపు పేరును మాత్రం తానే అడిగి తీసుకుంటుంది. మొదటి పేరు ఆమె ప్రేమను కించపరిచింది. రెండోది, ఆమె దృష్టిలో, ఆ ప్రేమకు చెందినవారిలో మిగిలిన కుర్రవాడు మీరాను కాపాడుతుంది.