కాపరి పుస్తకాల అర: ఎవరు ఎంచిన గ్రంథాలు?

చెరలో ఉన్న పౌలు, త్రోయలో కర్పు యొద్ద ఉంచి వచ్చిన పుస్తకాలను తెమ్మని తిమోతికి వ్రాశాడు. వాటిలోనూ చర్మపు కాగితాలను ప్రత్యేకంగా కోరాడు (2 తిమోతి 4:13). తనకు ఏది కావాలో ఆయనకు తెలుసు. మన అరలోని గ్రంథాలను మనమే కోరుకున్నామా అన్నది ఇక్కడ మేము పరిశీలించదలచిన ప్రశ్న.

తెలుగు సంఘకాపరి పుస్తకాలు ఎక్కువగా అనుకోకుండా చేరినవే: సెమినరీ పాఠ్యగ్రంథాలు, విశ్రాంత సేవకులు ఇచ్చినవి, సభలలో ఉచితంగా పంచినవి, నేడు ఫోనులోని ఉచిత బైబిలు సాఫ్ట్‌వేర్. కాపీరైటు గడువు తీరిన గ్రంథాన్ని ఎవరైనా ముద్రించవచ్చు గనుక మాథ్యూ హెన్రీ (1662–1714) వ్యాఖ్యానం అంతటా కనిపిస్తుంది. దానిలోని భక్తి మెచ్చదగినదే. అయితే అది మన చేతికి రావడానికి దాని విలువతోపాటు వెల లేకపోవడం కూడా కారణమే.

ఇందువలన రెండు చిక్కులు కలుగుతున్నాయి. మొదటిది, గ్రంథకర్త ఎవరో విచారించకపోవడం. హెన్రీ అపొస్తలుల కార్యముల వరకు వ్రాసి మరణించాడు. రోమా పత్రిక మొదలు ప్రకటన వరకు ఇతర సేవకులు పూర్తిచేశారు. అయినా రోమా పత్రికపై హెన్రీ మాటలంటూ వేదికలపై వింటూనే ఉన్నాము.

రెండవది మరింత బరువైనది. ఎఫెసీ 6:5-9 దాసులకు, యజమానులకు చెప్పిన మాట. 18వ శతాబ్దపు ఇంగ్లండు వ్యాఖ్యాతల ఎదుట ఉన్నవి పనివారిని పెట్టుకొనిన కుటుంబాలు. మన సంఘాలలో అనేకుల తండ్రులు, తాతలు పాలేర్లుగా, వెట్టివారుగా బ్రతికారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో గాని రాలేదు. ఆ వివరణను ఉన్నదున్నట్లు తెనిగిస్తే 5వ వచనం గట్టిగా, 9వ వచనం మెల్లగా వినిపించే ప్రమాదముంది. యజమానుడు బెదిరింపు మానాలనీ, ఇద్దరి ప్రభువూ ఒక్కడేననీ, ఆయనకు పక్షపాతం లేదనీ పౌలు చెప్పినది వినవలసినవారికి అందదు. వ్యాఖ్యాత తన కాలపు శ్రోతలకు వ్రాశాడు. మన శ్రోతలను ఎరిగి చెప్పవలసిన బాధ్యత మనది.

ఇక అరలో లేనివి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను ఆరాధనలో పాడతాము. రక్షణను తెలుగులో ధ్యానించిన వేదాంతిగా ఆయనను చదవము. కీర్తనల పుస్తకానికి వ్యాఖ్యానాల ప్రక్కన చోటుండదు.

అర ఖాళీ చేయమని మేము అనడం లేదు. ప్రతి గ్రంథం మొదటి పుటలో ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు వ్రాశారో గుర్తు వ్రాసుకొనవలెను. ఏడాదికి ఒక్క పుస్తకమైనా మన సంఘపు అవసరమెరిగి, వెదకి కొనవలెను. ప్రసంగం సిద్ధపరచునప్పుడు, వ్యాఖ్యానం తెరవకముందే వాక్యభాగాన్ని చివరి వచనం వరకు చదువవలెను.