రెండు డికాక్షన్లు

సంక్రాంతి వెళ్ళిన శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. “అన్నయ్యా, డికాక్షన్ పొయ్యి మీదుంది, వచ్చెయ్యండి.” కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, ముఖ్యంగా మా డోహర్టీ వ్యాలీ వైపు, తెలుగిళ్ళకు కొదవ లేదు. ఇలాంటి పిలుపులూ కొత్త కాదు. ఫిల్టర్ కాఫీ అనుకుని చలికోటు తగిలించుకుని నడిచి వెళ్ళాను. పెరట్లో గ్యాస్ పొయ్యి మీద పెద్ద స్టీలు గుండిగ ఉంది. అందులో కుతకుతలాడుతున్నది చిక్కటి బార్లీ జావ. మిత్రుడు అడుగంటకుండా తెడ్డుతో కలుపుతున్నాడు. పెరడంతా పేలపిండి వేయించినప్పటి కమ్మటి వాసన.

“డికాక్షన్ అన్నావు కదయ్యా?”

“ఇదే అన్నయ్యా డికాక్షన్. మీరనుకునేది కూడా ఇందులోనే పడుతుంది, కాకపోతే మార్చిలో.”

బీరు కాచేవాళ్ళ భాషలోనూ డికాక్షన్ ఉందని ఆ రోజే తెలిసింది. బవేరియాలో, చెక్ దేశంలో ముదురు రంగు లాగర్ బీర్లు కాచే పాత పద్ధతి అది. థర్మామీటర్ లేని కాలంలో పుట్టింది. మర పట్టిన మాల్టును గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఆ జావలో మూడో వంతు తీసి వేరే గిన్నెలో తెర్లకాచి, మళ్ళీ మొదటి గిన్నెలో పోస్తారు. వేణ్ణీళ్ళు చన్నీళ్ళు కలుపుకుని స్నానానికి సరిపెట్టుకున్నట్టు, మొత్తం జావ వేడి ఒక మెట్టు ఎక్కుతుంది. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చేది 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య. కొలత పరికరం లేకుండా ఆ మెట్టు మీద సరిగ్గా కాలుపెట్టడానికి కనిపెట్టిన ఉపాయం ఇది. ఇప్పుడు థర్మామీటర్ చవగ్గా దొరుకుతుంది కదా, ఇంకెందుకీ శ్రమ అని అడగొచ్చు. తెర్లకాగిన ఆ మూడో వంతులో రంగు ముదురుతుంది, రొట్టె అంచు కాలినప్పటి రుచి పుడుతుంది. ఆ రుచి కోసం మా మిత్రుడు ఆ శనివారం ఏడు గంటలు పెరట్లోనే ఉన్నాడు.

మాల్టు గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. చోళ్ళు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి విసిరితే రాగి మాల్టు. బార్లీకీ అంతే. తేడా అంతా వేపులో ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర ఆరబెడితే బంగారు రంగు బీరు వస్తుంది. నూరు దాటితే తేనె రంగు మ్యూనిక్ మాల్టు అవుతుంది. 200 దాటించి తిప్పుతూ వేయిస్తే బొగ్గు లాంటి నల్ల మాల్టు. ఈ నల్ల మాల్టుకు ఒక పుట్టిన తేదీ ఉంది. 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషు ఆయన, కాఫీ గింజలు వేయించే పీపా లాంటి తిరిగే ఇనప పీపాలో మాల్టు వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంటే నల్ల బీరు, కాఫీ ఒకే మూకుట్లోంచి దిగిన బంధువులు. కాఫీ గింజ ఒక్కటీ వేయకుండానే నల్ల బీరులో కాఫీ వాసన రావడానికి కారణం ఇదే. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి కొత్త వాసనలు పుట్టించే చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. గింజ బార్లీ అయినా కాఫీ అయినా మూకుట్లో జరిగేది చాలావరకు ఆ చర్యే.

మరి అలాంటి బీరులో మళ్ళీ కాఫీ వేయడం ఎందుకు? నాకూ మొదట ఈ అనుమానం వచ్చింది. జవాబు దొరకడానికి ఉగాది దాకా ఆగాల్సి వచ్చింది.

ఆగడమే లాగర్ విద్య. లాగర్ అనే జర్మన్ మాటకు అర్థమే నిల్వ. 1553లో బవేరియా పాలకులు వేసవిలో బీరు కాయడాన్ని నిషేధించారు, ఎండాకాలం కాచిన బీరు చెడిపోతోందని. దాంతో చలికాలంలో కాచి, మంచు నింపిన సొరంగాల్లో నెలల తరబడి దాచడం అలవాటయింది. ఆ చలిని తట్టుకుని పనిచేసే ఈస్ట్ మాత్రమే బతికి బట్టకట్టింది. అది రెండు జాతుల సంకరం. ఒకటి రొట్టెల్లో, మామూలు బీరులో ఉండేదే. రెండో జాతిని 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల మీద గుర్తించారు. ఈ ఈస్ట్ పది డిగ్రీల చలిలో నిదానంగా పనిచేస్తుంది. తన తరఫున పండ్ల వాసనలూ మసాలా వాసనలూ పెద్దగా కలపదు. మధ్యలో వెన్న కాచినట్టు ఒక వాసన పుట్టిస్తుంది గానీ, కాస్త వెచ్చబరిచి రెండు మూడు రోజులు ఓపిక పడితే దాన్నీ తానే తినేస్తుంది. ఆ తర్వాత సున్నా డిగ్రీలకు దగ్గరగా వారాల పాటు ఉంచితే, మడ్డి అడుగుకు దిగి బీరు తేటపడుతుంది, రుచి నునుపవుతుంది. 1870లలో జర్మన్ ఇంజనీరు లిండె శీతల యంత్రాలు వచ్చాక సొరంగాల అవసరం పోయింది. మా మిత్రుడి సొరంగం గరాజులోని చెస్ట్ ఫ్రీజర్. దానికి ఒక టెంపరేచర్ కంట్రోలర్ బిగించాడు.

ఈ ఇంటి పనికి చట్టం అడ్డు లేదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో, సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవడం ఫెడరల్ పన్ను లేకుండా సాధ్యమైంది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు దాటకూడదు, అమ్మకూడదు. అమెరికాలో చిన్న బ్రూవరీల వెల్లువకు వేరు ఇక్కడుంది. ఇవాళ పేరున్న బ్రూవర్లలో చాలామంది మొదట వంటింట్లో, గరాజులో కాచినవాళ్ళే.

మన ఊరికీ ఈ విద్యతో ఒక పాత చుట్టరికం ఉంది. శాన్ రామన్ నుంచి డబ్లిన్ మీదుగా దిగే డోహర్టీ రోడ్డు, 580 ఫ్రీవే దాటగానే పేరు మార్చుకుని హాప్‌యార్డ్ రోడ్డు అవుతుంది. ప్లెజంటన్ వెళ్ళేవాళ్ళు రోజూ ఆ బోర్డు చూస్తూనే ఉంటారు. అది ఉత్త పేరు కాదు. 19వ శతాబ్దం చివర అక్కడ వందల ఎకరాల్లో హాప్స్ తీగలు పందిళ్ళ మీద పండేవి. బీరుకు చేదునూ నిలవగుణాన్నీ ఇచ్చే పువ్వులవి. ఇప్పుడక్కడ ఇళ్ళూ ఆఫీసులూ ఉన్నాయి. తీగలు పోయినా దారికి పేరు మిగిలింది.

నల్ల లాగర్‌కు జర్మనీలో ష్వార్ట్స్‌బియర్ అని పేరు. తురింగియాలోని కోస్త్రిట్స్ ఊళ్ళో 1543 నాటి నుంచే బ్రూవరీ ఉన్నట్టు దాఖలా ఉంది. కవి గోథేకి ఆ నల్ల బీరంటే ఇష్టమని ప్రతీతి. ప్రాగ్‌లోని ఊ ఫ్లెకూ పానశాల 1499 నుంచి నడుస్తోంది, అక్కడ కాచేది నల్ల లాగర్. మనకు దగ్గర్లో చూడాలంటే సొనోమా కౌంటీలో 1992లో బ్రయన్ హంట్ మొదలుపెట్టిన మూన్‌లైట్ బ్రూయింగ్ ఉంది. వాళ్ళ నల్ల లాగర్ పేరు డెత్ అండ్ టాక్సెస్. చూడ్డానికి చిక్కగా, భారంగా కనిపిస్తుంది. తాగితే ఎంత తేలిగ్గా ఉంటుందో చెబితే నమ్మరు. నలుపుకీ బరువుకీ సంబంధం లేదని మొదట నాకు నేర్పింది అదే.

ఇక కాఫీ సంగతి. మిత్రుడు నిరుడు కూడా ఈ బీరు కాచాడు, చెడగొట్టుకున్నాడు. మూత తీయగానే పచ్చి క్యాప్సికం కోసిన వాసన. కాఫీ బీర్లు కాచేవాళ్ళందరికీ తెలిసిన తెగులిది. క్యాప్సికంకు ఆ వాసననిచ్చే జాతి పదార్థమే పచ్చి కాఫీ గింజలోనూ కొద్దిగా ఉంటుంది. వేపు లేతగా ఉన్నా, గింజ నిలవదైనా, బీరులో ఎక్కువసేపు నానినా అది పైకి తేలుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. అతను ఆ మూడు తప్పులూ చేశాడు. దుకాణంలో ఎప్పటిదో లేత వేపు గింజ కొని, వారం రోజులు నానబెట్టాడు.

కాఫీని బీరులోకి దించడానికి దారులు కొన్నే. కాచేటప్పుడే పొడి వేసి మరిగించడం అన్నింటికన్నా నాసి. పొద్దున దిగిన డికాక్షన్‌ను సాయంత్రం మళ్ళీ మరగబెడితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు: చేదు మిగిలి, వాసన ఎగిరిపోతుంది. రెండో దారి, చన్నీళ్ళలో పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, పులియడం పూర్తయిన బీరులో కలపడం. కొలత చేతిలో ఉంటుంది, కాబట్టి చాలా బ్రూవరీలు ఇటు మొగ్గుతాయి. మూడోది, గింజలను పొడి చేయకుండా, గుడ్డ సంచిలో కట్టి, చల్లటి బీరులోనే ఒక రోజు ఉంచడం. నీళ్ళు కలవవు. వగరు దిగదు. కాఫీ నూనె తక్కువ దిగుతుంది కాబట్టి నురగ నిలుస్తుంది. వాసన మాత్రం దిగుతుంది. నా ఓటు దీనికే. మిత్రుడు ఈసారి ఎంచుకున్నదీ ఇదే.

గింజలు అరకువి. పచ్చి గింజలే విశాఖ నుంచి చుట్టాల చేత తెప్పించుకున్నాడు. మన్యంలో కాఫీకి 1898లో ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో మొదలైన చరిత్ర ఉంది. సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకే మిరియం తీగలు పాకించి, గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. ఆ గింజను శాన్ రామన్ పెరట్లో, వాళ్ళ అమ్మ బూరెలు వండిన ఇనప మూకుట్లో వేయిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. మొదటి చిటపటలు ఆగి రెండో చిటపట ఇంకా మొదలవకముందే దించేశాడు. జల్లెడలో పోసి విసనకర్రతో విసిరాడు. మూడు రోజులు గాలి పోనిచ్చి, నాలుగో రోజు 120 గ్రాములు సంచిలో కట్టి, 19 లీటర్ల లాగర్‌లోకి వదిలాడు. పది వారాలు ఆగిన బీరు అది. సరిగ్గా 24 గంటలకు సంచి తీసేశాడు.

ఆ పనిలోని కష్టం నాకు అప్పుడు అర్థమైంది. లాగర్‌కు తొందర పనికిరాదు. కాఫీకి ఆలస్యం పనికిరాదు. ఒకటి నెలల లెక్క, ఇంకొకటి గంటల లెక్క. రెండూ ఒకే రోజున ఒకే పీపాలో కలవాలి. బీరు సిద్ధమయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి కాఫీ వేయించాలి. ముందే వేయించి పెట్టుకుంటే నిరుటి కథే మళ్ళీ నడుస్తుంది.

ఉగాది వెళ్ళిన వారం రుచి చూశాం. పద్ధతిగా మూడు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో మూన్‌లైట్ వారి నల్ల లాగర్. రెండోదాంట్లో మిత్రుడిదే, కాఫీ వేయకముందు తీసి ఉంచింది. మూడోది కాఫీ పడింది. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచాం. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, ముక్కుకు ఏదీ అందదు. ఎనిమిది, పది డిగ్రీల దగ్గర పోసుకోవాలి. గ్లాసును వాలుగా పట్టి సగం దాకా, ఆపైన నిటారుగా పట్టి పోస్తే నురగ రెండు వేళ్ళ మందాన లేస్తుంది. ఫిల్టర్ కాఫీ మీది నురగ రంగే దానిది. కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే నలుపు నలుపు కాదు, అంచున నేరేడు పండు పిండినట్టు ఎర్రటి జీర.

కాఫీ లేని గ్లాసులో మొదట రొట్టె పైపొర, ఆ తర్వాత చేదు కోకో, గొంతు దిగాక ఏమీ మిగలకుండా శుభ్రంగా ముగింపు. కాఫీ ఉన్నట్టే అనిపించింది. మూడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆ ‘ఉన్నట్టే’ తేలిపోయింది. మాల్టు ఇచ్చేది మాడు వాసన, అంటే కాఫీలో సగం. పువ్వుల వాసన, బెల్లప్పాకం లాంటి తీపి వాసన, కాస్త నిమ్మతొక్క పులుపు మాల్టుకు రావు, కాఫీ గింజకే ఉంటాయి. ఆ మిగతా సగం ఇక్కడ మాల్టు మీద ఎక్కి కూర్చోకుండా, పక్కన నిలబడింది. గుటక వేశాక నాలుక మీద తీపి లేదు, అయినా బెల్లం గుర్తొచ్చింది. నా ప్రశ్నకు జవాబు దొరికింది.

స్టౌట్ అనే నల్ల బీరులో కాఫీ వేయడమే లోకంలో ఎక్కువ. 1995లోనే సియాటిల్‌లో రెడ్‌హుక్ బ్రూవరీ స్టార్‌బక్స్ కాఫీతో స్టౌట్ అమ్మింది. స్టౌట్ మంచిదే, కాదనను. కానీ అందులో వేయించిన బార్లీ గొంతు పెద్దది, ఈస్ట్ పండ్ల వాసనలూ తోడవుతాయి, చాలాసార్లు ఆల్కహాలూ ఎక్కువే. ఆ సందడిలో అరకు గింజా మరో ఊరి గింజా ఒకటే అయిపోతాయి. లాగర్ ఈస్ట్ మౌనంగా ఉంటుంది కాబట్టే గింజ ఏ కొండదో వినబడుతుంది. ఆ మౌనం కోసమే పది వారాలు.

పక్కన ఏం పెట్టుకోవాలని అడిగితే, నువ్వుండలని చెబుతాను. వేగిన నువ్వు, ముదురు పాకం, ఈ బీరు మూడూ ఒకే మూకుటి జాతి. నిప్పుల మీద కాల్చిన మాంసం కూడా నప్పుతుంది. కారం పులుపు దట్టించిన కూరలతో మాత్రం వద్దు. చేదు పెరిగి కాఫీ దెబ్బతింటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలబడిన నేల మాది. బీరు మీద ఇంత ప్రేమగా రాయడమేమిటని మా ఇళ్ళల్లో అడిగేవాళ్ళున్నారు, వాళ్ళ బాధ న్యాయమైనది. సంసారాలను ముంచింది సారా, దాన్ని అమ్మిన వ్యాపారం. నేను రాస్తున్నది ఇద్దరు మనుషులు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పూర్తి చేసిన మూడు చిన్న గ్లాసుల గురించి. ఆ రోజు నేను నడిచే వెళ్ళాను, నడిచే వచ్చాను. తాగేవాళ్ళు ఎవరైనా కారు తాళాలు ఇంట్లో పెట్టే వెళ్ళాలి.

కొని రుచి చూద్దామనుకునేవాళ్ళకు ఒక్క మాట. కాఫీ పడిన బీరు దాచుకునే సరుకు కాదు. మా మిత్రుడు పంచిన సీసాల్లో ఒకటి జూన్ దాకా అట్టేపెట్టి తీశాను. బీరు చెక్కుచెదరలేదు, రుచి నిలకడగా ఉంది, కానీ అరకు వెళ్ళిపోయింది. సీసా మీదో డబ్బా మీదో నింపిన తేదీ ముద్రించి ఉందేమో చూడండి. నెల లోపుదైతే తీసుకోండి. తేదీ లేకపోతే దుకాణం వాళ్ళను అడగండి, చెప్పలేకపోతే అక్కడే ఉంచేసి రండి.