‘స్థిరత్వం’ చాలునా? సంఖ్యాత్మక పద్ధతుల తెలుగు పరిభాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: పాక్షిక అవకలన సమీకరణాలను కంప్యూటరుపై సాధించే ఉన్నత క్రమ పద్ధతులను తెలుగులో వివరించేటప్పుడు ‘స్థిరత్వం’, ‘ఉన్నత క్రమం’ అనే పదాలు అర్థానికి అడ్డుపడుతున్నాయి. మొదటి చిక్కును ‘నిలకడ’ అనే వాడుక మాట చాలావరకు తీర్చగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, నిలకడ, ఉన్నత క్రమం, దోషం, సునామీ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) 1999లో ఏర్పడింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం, 2007లో అక్కడే ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. అల రాకను ముందుగా లెక్కించడమంటే పాక్షిక అవకలన సమీకరణాలను అంకెల్లో సాధించడమే. ఈ పనికీ, హైటెక్‌సిటీ, గచ్చిబౌలి కార్యాలయాల్లోని సాఫ్ట్‌వేర్ పనికీ వృత్తిభాష ఇంగ్లీషే. తీరప్రజలకు చేరే సమాచారం దగ్గరే తెలుగు అవసరమవుతుంది. ఆ సమాచారం వెనుకనున్న లెక్కను ప్రశ్నించగల మాటలు తెలుగు విద్యార్థికి ఉన్నాయా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ‘స్థిర’ శబ్దం

స్థిరాంకం, స్థిరస్థితి, స్థిరత్వం – మూడింటికీ మూలం ఒకటే. మొదటిది మారని సంఖ్య. రెండవది కాలంతో మారని స్థితి. మూడవదాని స్వభావం వేరు. లెక్కలో అడుగడుగునా చిన్న దోషాలు చేరుతుంటాయి. అవి హద్దుమీరి పెరగకపోవడమే సంఖ్యాత్మక స్థిరత్వం. అల కదులుతూనే ఉంటుంది. దోషం అదుపులో ఉంటుంది. ‘స్థిరం’ అంటే కదలనిదని వాడుకలో ఎరిగిన విద్యార్థికి ఈ భావం తలకిందులుగా అందుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 4000 మీటర్ల లోతున సునామీ వేగం సెకనుకు సుమారు 198 మీటర్లు. లెక్కకు తీసుకున్న గడి పొడవు 2 కిలోమీటర్లయితే, ఒకే దిశలో సాగే అలకు రెండవ క్రమ కేంద్రీయ భేదాలతో కూడిన లీప్‌ఫ్రాగ్ పద్ధతిలో కాలపు అడుగు సుమారు 10 సెకండ్లు దాటరాదు. కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లో వెల్లడించిన నియమం ఇది. దాటితే దోషం గుణిస్తూ పెరిగి అలనే మింగేస్తుంది.

3. ‘ఉన్నత’ శబ్దం

పరిష్కారం నునుపుగా ఉన్నచోట గడిని సగం చేస్తే రెండవ క్రమ పద్ధతిలో దోషం నాలుగో వంతుకు, నాలుగవ క్రమంలో పదహారో వంతుకు తగ్గుతుంది. ‘ఉన్నత’ శబ్దంలో మాత్రం అన్నివిధాలా మేలైనదనే ధ్వని ఉంది. పై ఉదాహరణలోనే స్థలభేదాలను నాలుగవ క్రమానికి మారిస్తే కాలపు అడుగు హద్దు సుమారు 7 సెకండ్లకు పడిపోతుంది. నిట్టనిలువు అలముఖం దగ్గర లేని ఎగుడుదిగుళ్లూ పుడతాయి. వాటిని పుట్టించని రేఖీయ పద్ధతి మొదటి క్రమాన్ని మించజాలదని గొడునోవ్ 1959లో నిరూపించాడు. అయితే ఈ ఎగుడుదిగుళ్లను అస్థిరత్వంగా భావించరాదు. అవి హద్దులోనే ఉండవచ్చు. ఈ భేదాన్ని చూపని వివరణ అసంపూర్ణం.

4. ‘నిలకడ’

రోగి ఆరోగ్యం నిలకడగా ఉందని పత్రికలో చదివినవారు అతడు పూర్తిగా కోలుకున్నాడని అనుకోరు. ఏ మార్పూ లేదనీ అనుకోరు. పరిస్థితి చేయి దాటలేదని గ్రహిస్తారు. గణితం కోరే అర్థం దీనికి చాలా దగ్గర. నిలకడ ఉన్నంత మాత్రాన ఫలితం సరైనది కాదన్న సూచన కూడా ఇందులో ఇమిడి ఉంది. సక్రమంగా నిర్వచితమైన రేఖీయ సమస్యల్లో, మూల సమీకరణానికి అనుగుణమైన పద్ధతికి నిలకడ తోడైతేనే అభిసరణ అని 1956లో లాక్స్, రిచ్‌మైయర్ చూపిన సిద్ధాంతం ఈ మాటలో తేలికగా ఒదుగుతుంది.

‘నిలకడ ప్రాంతం’ వంటి మిశ్రసమాసాలు వినసొంపుగా లేవన్న అభ్యంతరం రావచ్చు. ‘నిలకడ గల ప్రాంతం’ అని విడదీస్తే ఆ ఇబ్బంది ఉండదు.

5. ముగింపు

‘స్థిరత్వం’ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. దాన్ని తొలగించమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తొలి పరిచయంలో ‘నిలకడ’ను పక్కన నిలిపి, ‘ఉన్నత క్రమం’ వచ్చిన ప్రతిచోటా అది ఏ దోషాన్ని ఎంత తగ్గిస్తుందో, అందుకు ఏ మూల్యం చెల్లించాలో చెప్పాలి. అప్పుడే తెలుగు విద్యార్థి తీరానికి వచ్చే సూచనను వినడంతో ఆగక, దాని వెనుక లెక్కనూ అడగగలుగుతాడు.