కామ్రేడ్ పేస్లిప్పు

మార్క్స్ సహచరుడు ఎంగెల్స్‌కు షేర్లుండేవి. మాంచెస్టర్‌లో తండ్రికి వాటా ఉన్న నూలు కంపెనీ ‘ఎర్మెన్ అండ్ ఎంగెల్స్’లో 1850లో పనికి కుదిరి, 1864లో భాగస్వామి అయి, 1869లో వాటా వదులుకుని బయటపడ్డాడు. ఆ సొమ్ములోంచే మార్క్స్ కుటుంబానికి ఏడాదికి 350 పౌండ్లు అందేవి. షేర్లు అప్పుడప్పుడు కొంటూ అమ్ముతూ ఉంటానని 1883లో జర్మన్ సోషలిస్టు బెర్న్‌స్టీన్‌కు మొహమాటం లేకుండా రాశాడు. దోపిడీ జరిగేది ఫ్యాక్టరీలో, ఎక్స్ఛేంజీలో జరిగేది అప్పటికే దోచిన సొమ్ము పంపకం అని ఆయన వాదన. వినడానికి సాకులాగే ఉంటుంది. కానీ తన డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో ఆయన దాచలేదు.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశాడు, పిల్లలు వద్దనుకున్నాడు. అందరూ సుందరయ్యలు కాలేరు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, అమ్మ బీపీ మాత్రలు చూసుకుంటూనే ఎర్రజెండా పట్టేవాళ్లే ఎక్కువ.

2004 సెప్టెంబరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరిన యూనియన్ టీచర్ పేస్లిప్పు చూడండి. వృత్తి పన్ను 200, ఏపీజీఎల్ఐ బీమా, వాటితోపాటు మూలవేతనం, డీఏల మీద 10 శాతం కాంట్రిబ్యూటరీ పెన్షన్ (సీపీఎస్) కోత. సీపీఎస్ రద్దు చేయాలని ధర్నాలో గొంతు చించుకున్న నెలలో కూడా ఆ కోతలో కొంత షేర్ మార్కెట్‌కు చేరుతుంది. ప్రైవేటు కార్మికుడి సంగతీ అంతే. సంఘాలు వద్దంటున్నా పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ 2015 ఆగస్టులో షేర్ల ఫండ్లు (ఈటీఎఫ్‌లు) కొనడం మొదలుపెట్టింది. కొత్త జమల్లో 5 శాతంతో మొదలైన వాటా తర్వాత 15 శాతానికి పెరిగింది. ‘నేను షేర్ల జోలికి పోను’ అనే కామ్రేడ్‌కు పీఎఫ్ ఉంటే నిఫ్టీలో చిన్న ముక్క ఉన్నట్టే. 1956లో జీవిత బీమాను జాతీయం చేసి పెట్టిన ఎల్ఐసీ కూడా మార్కెట్లో పెద్ద మదుపరే.

మరి చీటీ? ఇరుగుపొరుగు కలిసి వేసుకునేదాన్ని పెట్టుబడిదారీ అనడానికి నోరు రాదు. నెలకు 5 వేలు, 20 మంది, లక్ష చీటీ అనుకుందాం. కూతురి ఆపరేషన్‌కు డబ్బు కావాల్సినవాడు 25 వేలు తగ్గించి పాడతాడు. 5 వేలు కమీషన్ పోను మిగిలిన 20 వేలు తలా వెయ్యి చొప్పున పంచుకుంటారు. ఎవరి అవసరం ఎంత గట్టిదైతే మిగతావాళ్లకు అంత లాభం. సెన్సెక్స్‌ను తిట్టి, ఆఖరి చీటీ వరకూ ఆగి లాభం లెక్కపెట్టుకునే పెద్దమనిషికి ఈ పాట వినపడదు.

చేతులకు మసి అంటకుండా డబ్బు దాచే చోటు ఈ వ్యవస్థలో లేదు. అందుకని లెక్క రాయకపోవడం సిద్ధాంతం అవదు, బద్ధకం అవుతుంది. ఆ భారం చివరికి ఇంటి ఆడవాళ్ల మీద పడుతుంది. మార్క్స్ ఇంట్లో సామాన్లు తాకట్టు పెట్టి నెట్టుకొచ్చింది ఆయన భార్య జెన్నీయే.

మార్క్స్ 1883లో వీలునామా రాయకుండానే పోయాడు. మిగిల్చింది 250 పౌండ్లు. 1895లో పోయిన ఎంగెల్స్ మాత్రం రెండేళ్ల ముందే వీలునామా రాసి, మార్క్స్ కూతుళ్లకు వాటాలు పెట్టాడు, జర్మన్ సోషలిస్టు పార్టీ ఎన్నికల ఖర్చుకు వెయ్యి పౌండ్లు కేటాయించాడు.

కాబట్టి కామ్రేడ్స్, ఈ ఆదివారం మీటింగుకు వెళ్లేముందు పీఎఫ్, సీపీఎస్ ఖాతాలు తెరిచి నామినీగా ఎవరి పేరుందో చూసుకోండి. పెళ్లికి ముందు రాసిన పేరే ఉంటే మార్చండి.