వాటం తెలిసిన చెయ్యి

ఇంగ్లండులో ఎవరింట్లోనైనా పాత బాయిలర్ తీయించి కొత్తది పెట్టించుకున్నారంటే, మనకు ముందు చూపించేది గోడకు తగిలించిన తెల్ల పెట్టెనే. ఏ కంపెనీది, గ్యారంటీ ఎన్నేళ్ళు, ఫోనులోంచి ఎలా నడపొచ్చు, ఇవే కబుర్లు. నన్నడిగితే మాత్రం ఆ పెట్టె కింద మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూడాలి. బిగించిన మనిషి ఎలాంటివాడో అక్కడ తెలుస్తుంది.

రెడింగ్‌లో మేముంటున్నది 1930లలో కట్టిన ఇల్లు. వంటింట్లో నేలమీద నిలబెట్టిన పాత బాయిలర్ 1980ల నాటిది. ఇక్కడ బాయిలర్ పని స్నానాల నీళ్ళతో అయిపోదు. అది కాచిన నీళ్ళను ఒక పంపు గదిగదిలో ఉన్న ఇనుప రేడియేటర్లలోకి తిప్పుతుంది. చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండేది దానివల్లే. మా పాతదాన్ని విప్పి చూస్తే మన పెరళ్ళలోని రాగి బాయిలరుకు పెద్దన్నలా ఉంది. కింద నిప్పు, చుట్టూ నీళ్ళు, ఇంకా బోలెడు వేడి మిగిలి ఉండగానే పైనుంచి వెళ్ళిపోయే పొగ. రాగి బదులు పోత ఇనుము, బొగ్గుల బదులు గ్యాసు, అంతే తేడా. పైలట్ మంట మాత్రం నడి వేసవిలోనూ ఆరేది కాదు.

పొగను అంత వేడిగా వదిలెయ్యడం చేతకాక చేసిన పనేమీ కాదు. గ్యాసు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అది లోపలే నీరుగా మారితే ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది, పోత ఇనుమును తినేస్తుంది. అందుకని ఆవిరి ఆవిరిగానే బయటపడేంత వేడి పొగలో ఉంచేవారు. కానీ గ్యాసు ఇచ్చే వేడిలో సుమారు పదో వంతు ఆ ఆవిరిలోనే ఉంటుంది. కొత్త కండెన్సింగ్ బాయిలర్ ఆవిరిని లోపలే నీరు చేసి ఆ పదో వంతును కూడా రాబట్టాలని చూస్తుంది. దాని లోపలి భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలుతోనో అల్యూమినియం మిశ్రమంతోనో చేస్తారు కనుక ఆమ్లాన్ని తట్టుకుంటాయి. షరతల్లా ఒక్కటే. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. లేకపోతే కొత్తది కూడా ఆవిరిని పాతదానిలాగే బయటికి ఊదేస్తుంది.

2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో గ్యాస్ బాయిలర్ మారిస్తే, కొద్ది మినహాయింపులు పోను, కండెన్సింగ్ రకమే పెట్టాలన్నది నిబంధన. నిబంధన పెట్టెను మార్పించగలదు. అట్టపెట్టె మీద రాసిన 92 శాతం సామర్థ్యం ఇంట్లో నిజంగా దక్కాలంటే బిగించేవాడే దక్కించాలి.

మా ఇంటికి వచ్చిన ఇంజనీరు నడివయసు మనిషి. మేం అడక్కుండానే గ్యాస్ సేఫ్ కార్డు తీసి చూపించారు. గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఇక్కడ గ్యాసు పని ముట్టుకోకూడదు. ఆయన మొదటి మంచి పని గోడ దగ్గర కనిపించింది. పాత రకం పొగగొట్టాలను సమంగానో, వాన లోపలికి రాకుండా కాస్త బయటికి వాలుగానో పెట్టేవారు. కొత్తదానికి వాటం తిరగబడాలి. గొట్టంలో చేరే ఆమ్లపు నీరు బయట గోడ మీద కారకుండా వెనక్కి బాయిలర్లోకే జారి, అక్కడి నుంచి డ్రెయిన్‌కు పోవాలి. అంటే బయటి కొస లోపలి కొస కంటే ఎత్తుగా ఉండాలి, దాదాపు 3 డిగ్రీలు, మీటరుకు 5 సెంటీమీటర్లు. ఆయన కోర్ డ్రిల్లు మీద చిన్న లెవెల్ పెట్టుకుని ఆ వాలులోనే ఇటుకను కోశారు. రంధ్రం తిన్నగా కోసి, గొట్టాన్ని తర్వాత ఎలాగో ఎత్తి సిమెంటు పూసేవాళ్ళూ ఉన్నారు.

పాత గొట్టం వదిలిన చదరపు కన్నాన్ని మూసిన తీరు ఇంకా ముచ్చట. మా తోటలో పడి ఉన్న పాత ఇటుకలు ఏరుకుని, వరసకు వరస కలిసేలా పేర్చారు. మాలు రంగు చుట్టుపక్కల దానికి దగ్గరగా వచ్చేదాకా కొద్దికొద్దిగా కలిపి చూసుకున్నారు. వీధిలోంచి చూసే వాళ్ళకు అక్కడో కన్నం ఉండేదని చెబితే తప్ప తెలియదు.

గ్యాసు పైపు కూడా మార్చాల్సి వచ్చింది. పాతదానికి 15 మిల్లీమీటర్ల పైపు సరిపోయింది. కొళాయి తిప్పగానే అప్పటికప్పుడు నీళ్ళు కాచే ఈ కొత్త కాంబి రకం ఒక్కసారిగా ఎక్కువ గ్యాసు లాగుతుంది. అది పూర్తి జోరులో మండుతున్నా మీటరు నుంచి బాయిలర్ దాకా ఒత్తిడి 1 మిల్లీబారుకు మించి పడిపోకూడదు. అందుకని 22 మిల్లీమీటర్ల రాగి పైపు వేశారు. ప్రతి ముక్కనూ కోశాక లోపలి అంచున లేచిన గరుకును గీకేశారు. కొసను తీగపీచుతో మెరిసేలా రుద్ది, ఫ్లక్స్ పలచగా రాశారు. మంటను అతుకు మీద పెట్టి, పక్కకు తీసి, సోల్డర్ తీగ ఆనించగానే అది కరిగి సందులోకి చుట్టూ తనంతట తానే పాకింది. తీగకు మంట తగలనివ్వలేదు. వెంటనే తడిగుడ్డతో తుడిచేశారు. ఫ్లక్స్ మిగిలిపోతే కొన్నాళ్ళకు అక్కడ పచ్చటి చిలుము పడుతుంది. కప్‌బోర్డు వెనక ఎవరూ చూడని అతుకును కూడా అలాగే తుడిచారు. చూస్తున్న నాకే ఓపిక తగ్గింది, ఆయనకు తగ్గలేదు.

అటక మీది నీళ్ళ తొట్టి, మేడ మీద వేడినీళ్ళ సిలిండర్ రెండూ పోయాయి. కాంబికి అవి అక్కర్లేదు. సిలిండర్ ఉన్న అల్మరా ఎప్పుడూ వెచ్చగా ఉండేది. డిసెంబరులో ఇడ్లీ పిండి పులిసే చోటు మాకు అదొక్కటే. ఇంత మెచ్చుకుంటున్న ఈ కొత్త ఏర్పాటులో ఆ నష్టానికి మందు లేదు.

రేడియేటర్లను కడిగినప్పుడు వచ్చిన నీళ్ళు సిరాలా నల్లగా ఉన్నాయి. ఇనుము లోపల్లోపల తుప్పు పట్టి ఊడే మాగ్నెటైట్ అది. కొత్త బాయిలర్లో నీటి దారులు సన్నం, ఈ బురద చేరితే కొద్ది కాలానికే మూసుకుపోతాయి. అడుగున చల్లగా ఉండిపోయే రేడియేటర్‌ను ఊడదీసి తోటలోకి మోసుకెళ్ళి, గొట్టంతో నీళ్ళు కొట్టారు. నీళ్ళు తేటపడ్డాకే మిగతా పని. తుప్పు ఆపే మందు కలిపి, తిరిగొచ్చే పైపు మీద అయస్కాంతపు ఫిల్టరు బిగించారు.

ఆమ్లపు నీటి పైపుకు రాగి పనికిరాదు, ప్లాస్టిక్కే వాడాలి. దాన్ని బయటి గోడ వెంట దింపడం సులువు. కానీ 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో అలాంటి పైపులు గడ్డకట్టి ఎన్నో ఇళ్ళలో బాయిలర్లు సరిగ్గా అవసరమైనప్పుడే ఆగిపోయాయి. ఈయన సింకు కింది నుంచి ఇంట్లోనే తిప్పారు, దారి పొడవునా వాటం తప్పకుండా.

వెలిగించాక పొగగొట్టంలో పరికరం పెట్టి కార్బన్ మోనాక్సైడుకూ కార్బన్ డయాక్సైడుకూ ఉన్న నిష్పత్తి 0.004 దాటలేదని చూసుకుని, అంకెలు లాగ్‌బుక్కులో రాశారు. చాలామంది ఇక్కడే సామాను సర్దుకుంటారు. ఇల్లు వెచ్చబడింది, ఇంటివాళ్ళకు ఫిర్యాదు లేదు. ఈయన మాత్రం ప్రతి రేడియేటరుకూ రెండు వైపులా థర్మామీటర్లు తగిలించి, వెళ్ళే నీటికీ వచ్చే నీటికీ 20 డిగ్రీల తేడా వచ్చేదాకా కింది వాల్వులను పావు తిప్పు, అర తిప్పు చొప్పున సర్దుతూ గదులన్నీ తిరిగారు. కొళాయి నీళ్ళకు 30 కిలోవాట్లు కావాలి గానీ, గదులకు 8 చాలని లెక్క కట్టి, హీటింగ్ జోరును అక్కడికి తగ్గించారు. బాయిలర్ నుంచి బయల్దేరే నీటిని 75 డిగ్రీల నుంచి 60కి దించారు. ఆవిరిలోని ఆ పదో వంతు వేడి చేతికి వచ్చేది ఈ చివరి పనితోనే. నా దృష్టిలో బిగించేవాడికి మార్కులు వెయ్యాల్సిందీ ఇక్కడే.

"వచ్చే చలికాలం 55కి దించి చూడండి. వెనక పడగ్గది ఒక్కటే చాలకపోవచ్చు. అక్కడి రేడియేటర్ చిన్నది. మార్చి పెద్దది పెట్టించుకుంటే, తర్వాతెప్పుడైనా హీట్ పంపుకు మారినా పనికొస్తుంది" అన్నారు. హీట్ పంపు బాగా పని చేసేది ఇంకా తక్కువ వేడి నీళ్ళతోనే. ఆ గదికి ఎంత రేడియేటర్ కావాలో కొలతలు వేసి, బాయిలర్ మూత లోపలి వైపు పెన్సిలుతో రాసి వెళ్ళారు.