పోగులో పుట్టిన బొమ్మ

నగరాల బట్టల దుకాణాల్లో యువతి మొదటి జీతంతో కొనుక్కునే కుర్తీ నుంచి పెళ్లికి కట్టే పట్టుచీర వరకు, చేతిసంచి మొదలుకొని చెప్పుల పట్టీ వరకు ఇక్కత్ అనే మాట వినిపించని అర లేదు. ఆ మాట వినిపించినంత విరివిగా ఆ పని మాత్రం కనిపించదు. సెల్‌ఫోన్‌లో వేలితో తోస్తూ ఎంచుకునే వందల రకాల నడుమ మెట్లు మెట్లుగా సాగే అంచులు, తారల వంటి చతురస్రాలు, గుమ్మటంలా లేచే త్రిభుజాలు కంటపడితే చాలు, అది ఇక్కత్ అనుకోవడం అలవాటైపోయింది. నిజానికి ఆ పేరు చెందేది బొమ్మకు కాదు, ఆ బొమ్మను పుట్టించే పనికి.

కట్టడం అనే అర్థమున్న మలయా మాట నుంచి ఇక్కత్ అనే పేరు వచ్చిందంటారు. తెలంగాణ నేతకారుల నోట దీని పాత పేరు చిటికి. నూలునో పట్టునో నేయకముందే, పోగుల కట్టలను లెక్క ప్రకారం అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మరోచోట కట్టి, మళ్లీ ముంచి, ఆ పోగులు మగ్గమెక్కినప్పుడు బొమ్మ తనంతట తాను తేలేలా చేయడమే ఇక్కత్. కలంకారీలో బొమ్మ బట్ట మీదికి ఎక్కుతుంది, జామ్దానీలో అదనపు పోగు బొమ్మ కడుతుంది. ఇక్కత్‌లోనైతే బట్ట పుట్టకముందే బొమ్మ పోగులో పుట్టి ఉంటుంది.

ఈ విద్య చీరాల నుంచి నల్లగొండ సీమకు వచ్చిందని పెద్దలు చెబుతారు. 1951లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన నాటి నుంచి భూదాన్ పోచంపల్లిగా పేరుపడ్డ ఊరు, దాని చుట్టూ ఉన్న పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం వంటి ఊళ్లు నేడు ఈ పనికి ఆయువుపట్టు. ఒకప్పుడు నూలే నేసిన పోచంపల్లి తరువాతి కాలంలో పట్టు చేపట్టి దేశమంతటా పేరు తెచ్చుకుంది. చరిత్రలో ఇంతకు మించి వెతకనక్కరలేదు. దీని గొప్పతనం చూడాలంటే ఆసు దగ్గర నిలబడాలి.

ఆసు అంటే పేకను, అనగా బట్టలో అడ్డంగా పోయే పోగును, కట్టడానికి అనువుగా పరిచే చట్రం. ఒక కొసన ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల వరుస ఉండే ఆ చట్రం మీద పోగును ఒక్కొక్క మేకు చుట్టూ తిప్పుతూ విసనకర్ర విప్పినట్టు పరుస్తారు. ఆ పరిచిన వెడల్పే రేపటి చీర వెడల్పు గనుక ఒక్క పోగు వదులైనా, ఒక్క మేకు తప్పినా, బొమ్మ వంకర పోతుంది. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఆడాలి, రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లదే. చీర అందాన్ని పొగిడిన వాళ్లు ఎందరో ఉన్నా, ఆ అందం వెనుక అరిగిపోయిన భుజాల సంగతి తలచిన వాళ్లు అరుదు.

అలా తలచిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు చింతకింది మల్లేశం. ఆలేరు దగ్గరి శారాజిపేటలో పుట్టి, ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయన, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం తయారీకి పూనుకుని, అప్పులను, ఊరివాళ్ల ఎగతాళిని దిగమింగుకుని 1999లో దాన్ని పూర్తి చేశారు. తల్లి పేరుతో లక్ష్మి ఆసు యంత్రమని పిలిచే ఆ సాధనం గంటల తరబడి సాగే పనిని గంటన్నర, రెండు గంటలకు కుదించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ప్రియదర్శి నటించిన ‘మల్లేశం’ చిత్రం ఆ కథను వెండితెర మీదికి తెచ్చింది. తారల దుస్తుల వెంటే పరుగెత్తే సినిమా లోకంలో దుస్తుల పుట్టుకకు నాయక స్థానమిచ్చిన అరుదైన చిత్రమది, ఆ ఒక్క కారణానికే దాన్ని ప్రతి ఇక్కత్ ప్రియురాలూ చూడాలి. మగ్గానికీ యంత్రానికీ ఎప్పుడూ వైరమేనన్న వాదాన్ని మల్లేశం తప్పని రుజువు చేశారు: ఆ యంత్రం నేతకారిణి భుజానికి విశ్రాంతినిచ్చిందే తప్ప ఆమె విద్యను దోచుకోలేదు.

ఆసు మీద పరిచిన పోగుల మీద గీతలు గీసి, ఎక్కడ ఏ రంగు నిలవాలో గుర్తించాక కట్టు మొదలవుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట సన్నని రబ్బరు పట్టీతో బిగించి మొత్తాన్ని పసుపులో ముంచుతారు. పసుపుగా మిగలాల్సిన చోట్ల మరో కట్టు వేసి ఎరుపులో ముంచుతారు. ఆ తరువాత నలుపు. లేత రంగు నుంచి ముదురు రంగుకు సాగే ఈ క్రమంలో కట్టు వదులైతే రంగు లోపలికి చొరబడుతుంది, బిగువు ఎక్కువైతే పట్టు తెగుతుంది. రంగు ఆరాక పోగులను కండెలకు చుట్టి, ఏ కండె తరువాత ఏ కండె అన్న వరుస తప్పకుండా పేర్చుకుంటారు. ఒక్క కండె తారుమారైతే ఏనుగు తొండం మీద చిలుక రెక్క మొలుస్తుంది.

మగ్గం దగ్గర నేతకారుడి చూపు ఎంత నిశితమో తెలియాలంటే అతడి వేళ్లను గమనించాలి. నాడె ఇటునుంచి అటు దాటగానే పలక బాదడు. ముందుగా పేక కొసను అంచు దగ్గర చూపుడు వేలితో వెంట్రుకవాసి అటో ఇటో లాగి, వెనుకటి పోగులోని రంగుకు ఈ పోగులోని రంగును ఎదురెదురుగా నిలబెట్టి, ఆ తరువాతే బాదుతాడు. ఒక్కో పోగుకు ఈ సర్దుబాటు జరుగుతుంది, చీర పొడవునా.

నిలువు పోగైన పడుగును, పేకను రెంటినీ కట్టి రంగువేసి నేస్తే అది డబుల్ ఇక్కత్. పడుగులోని ఎర్ర చుక్క పేకలోని ఎర్ర చుక్క మీద సరిగ్గా పడాలి. పడకపోతే రంగు చెదిరి మట్టిరంగు మరకగా మిగులుతుంది. ఈ పనికి గుజరాత్‌లోని పటన్ పటోలా పేరే దేశం తలుస్తుంది. పటన్ నేతకు దండం పెట్టవలసిందే గానీ, పుట్టపాక తెలియా రుమాలు పక్కన పరిచి చూసిన వారు పుట్టపాకను రెండో పీటన కూర్చోబెట్టరు. తెలియా రుమాలు కోసం ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టడం వల్ల ఎరుపు, నలుపు రంగులు గట్టిగా పట్టడమే కాక, నూలుకు కమ్మని నూనె వాసన, మెత్తదనం వస్తాయి. తెలియా అన్న పేరు ఆ నూనె వల్లనే. ఒకనాడు అరబ్బు దేశాలకు తలపాగా గుడ్డగా ఎగుమతి అయిన ఈ రుమాలు అంతరించే దశలో, దాన్ని తిరిగి నిలబెట్టిన చేతులు గజం కుటుంబాలవి. గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి. ఆ పురస్కారాలు ఆ చేతులకు కాస్త ఆలస్యంగానే దక్కాయని చెప్పక తప్పదు.

ఇంతటి విద్యను ఈనాడు మింగుతున్నది దాని సొంత నీడే. పాలిస్టర్ మీద ప్రింటరు గంటలో వందల మీటర్లు ఊదేసే బొమ్మలకు ఇక్కత్ అని చీటీ కట్టి అమ్ముతున్నారు. అసలు ఇక్కత్‌లో రంగు పోగులోకి పాకిన చోట అంచు ఈకలా కాస్త చెదిరి ఉంటుంది. నకిలీ చేసేవారు ఆ చెదురును సైతం ప్రింటు చేస్తున్నారు. మనిషి చేతి వణుకును దొంగిలించి, చేతినే పస్తు పెట్టే ఈ వ్యాపారాన్ని పోటీ అనడం అన్యాయం, ఇది మోసం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తెలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కిన మాట నిజమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఆ పూర్తి పేర్లనే గాని, విడిగా ఇక్కత్ అనే మాటను ఎవరైనా వాడుకోవచ్చు, వాడుకుంటున్నారు కూడా. చేనేతకు ప్రత్యేకించిన రకాల జాబితాతో 1985లో వచ్చిన చట్టం తొలుత 22 రకాలను కాచింది. తరువాత వాటిని 11కు కుదించారు. ఇలా రక్షణ సన్నగిల్లిన వేళ ఊరి పెద్దలు పిల్లలను మగ్గం మీద కూర్చోబెట్టడానికి వెనుకాడుతున్నారంటే తప్పు వారిది కాదు.

దుకాణంలో నిలబడ్డ యువతి చేతిలో దీనికి మందు లేకపోలేదు. బట్టను తిరగేస్తే అసలు ఇక్కత్‌లో రెండు వైపులా బొమ్మ ఒకే గాఢతతో ఉంటుంది, ప్రింటులో వెనుక వైపు తరచు పాలిపోతుంది. అనుమానం తీరకపోతే కొంగు చివర నుంచి, బొమ్మ కట్టిన పోగు ఒక్కటి లాగి చూడాలి: అసలు ఇక్కత్ పోగు తన పొడవునా ఒక రంగు నుంచి మరో రంగుకు నిండుగా మారుతూ పోతుంది, ప్రింటు పోగులోనైతే పక్క పోగు కింద దాగిన చోటల్లా రంగు అంటక తెల్లని గాట్లు మిగులుతాయి. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉందేమో అడగడం, లేకపోతే ఎందుకు లేదని నిలదీయడం కొనేవారి హక్కు.

ఇక్కత్ ప్రింటును ప్రింటు అనే పేరుతోనే, వేరే అరలో పెట్టి అమ్మాలని దుకాణదారులను అడగడానికి పెద్ద ఉద్యమమేమీ అక్కరలేదు. వచ్చే పండుగకు చీర కొనబోయే ప్రతి యువతీ బిల్లు కట్టేముందు ఒక్కసారి బట్ట తిరగేసి చూపించమని అడిగితే చాలు.